ఉపాంత పన్ను రేటు: బెంగుళూరు వేతనజీవులు గమనింపదగిన లెక్క

బెంగుళూరునందు ఉద్యోగములు చేయుచున్న తెలుగు కుటుంబములలో జీతములు పెరుగు రోజులు వచ్చినప్పుడెల్ల ఒక మాట వినవచ్చుచుండును: "జీతము పెరిగినది గాని శ్లాబు మారినది, పెరిగినదంతయు పన్నుకే పోవును." ఈ భయముచేత అదనపు పనిని వలదనువారు కలరు, బోనసును మరుసటి సంవత్సరమునకు వాయిదా వేయుమని యజమానిని కోరువారును కలరు. ఈ మాటలో కొంత భ్రమ కలదు, కొంత నిజమును కలదు. విచిత్రమేమనగా, భ్రమ యున్నచోట జనులు భయపడుచున్నారు. నిజముగా జాగ్రత్తపడవలసినచోట నిశ్చింతగా నున్నారు. ఈ రెంటిని వేరుచేసి చూపు సాధనమే ఉపాంత పన్ను రేటు.

ఉపాంతమనగా అంచునకు సమీపమున నున్నది. 1968లో నెలకొన్న తెలుగు అకాడమీ పాఠ్యగ్రంథములద్వారా అర్థశాస్త్రము చదివినవారికి ఉపాంత ప్రయోజనము, ఉపాంత వ్యయము అను మాటలు పరిచితములే. రైతు వాడుకలో చెప్పవలెనన్న, పొలము మొత్తముమీద ఎకరమునకు ఎంత పండినదన్నది ఒక ప్రశ్న. గట్టు ప్రక్కన ఇంకొక సాలు వేసినచో ఎంత పండునన్నది వేరొక ప్రశ్న. మొత్తము పన్నును మొత్తము ఆదాయముచే భాగించినచో వచ్చునది సగటు రేటు. ఇక ముందు రాబోవు ఒక్క రూపాయిలో ప్రభుత్వమునకు పోవు భాగము ఉపాంత రేటు. గడచిన సంవత్సరమును తలచుకొనుటకు మొదటిది చాలును. ఏదైన నిర్ణయము చేయుటకు రెండవదే కావలెను.

దానిని కనుగొను పద్ధతి మిక్కిలి సులభము. ఆదాయము ఉన్నదున్నట్లుగా ఒకసారి పన్ను లెక్కకట్టవలెను. దానికి 10,000 రూపాయలు చేర్చి మరల లెక్కకట్టవలెను. రెండు పన్నుల భేదమును 10,000చే భాగించినచో ఉపాంత రేటు తేలును. చట్టములోని పట్టిక చూచి "నాది పదునైదు శాతపు శ్లాబు" అనుకొనుట ఈ లెక్కకు బదులు కానేరదు. ఎందుకు కానేరదో క్రమముగా తెలియగలదు.

2025-26 ఆర్థిక సంవత్సరమునకు నూతన విధానము క్రింద 4 లక్షల వరకు పన్ను లేదు. 4 నుండి 8 లక్షల వరకు 5 శాతము, 12 వరకు 10, 16 వరకు 15, 20 వరకు 20, 24 వరకు 25, ఆపైన 30 శాతము. తేలిన పన్నుపై 4 శాతము సెస్సు. వేతనజీవులకు 75,000 రూపాయల స్టాండర్డ్ డిడక్షను మొదటనే తీసివేయబడును. ఈ లెక్కలన్నియు 1961 నాటి చట్టమును అనుసరించినవి. దాని స్థానమున రూపొందిన 2025 నాటి చట్టము అమలునకు నిర్ణయింపబడిన తేదీ ఏప్రిల్ 1, 2026. సెక్షనుల సంఖ్యలు మారినను, కూడికలు తీసివేతలు చేయు పద్ధతి మారదు.

ఏడాదికి 15 లక్షల జీతముగల ఒక ఉద్యోగినిని తలచుకొందము. స్టాండర్డ్ డిడక్షను పోగా 14,25,000. మొదటి 4 లక్షలకు పన్ను సున్న, తరువాతి 4 లక్షలకు 20,000, ఆ తరువాతి 4 లక్షలకు 40,000, మిగిలిన 2,25,000కు 33,750, వెరసి 93,750. సెస్సుతో 97,500. జీతమునుబట్టి చూచిన సగటు రేటు ఆరున్నర శాతము. మరి ఆమెకు లక్ష రూపాయల బోనసు వచ్చినచో పోవునది ఆరున్నర వేలు కాదు, 15,600. ఆమె ఉపాంత రేటు 15.6 శాతము. మిగిలిన 84,400 ఆమెవే. శ్లాబు మారినంతమాత్రమున క్రింది మెట్లమీది ఆదాయమునకు రేటు మారదు. 16 లక్షల గీత దాటినచో, దాటిన రూపాయలకే 20 శాతము వర్తించును. కావున "పెరిగినదంతయు పోవును" అనుట ఈ ఉద్యోగిని విషయమున శుద్ధ అపోహ.

అయినను ఈ అపోహకు ఒక చరిత్ర కలదు. 1939కి పూర్వము మన దేశమున పన్ను లెక్క వేరుగా నుండెడిది. ఆదాయము ఏ మెట్టును చేరునో ఆ మెట్టు రేటు మొత్తము ఆదాయమునకు వర్తించెడిది.  1939 సవరణతో ఆ మెట్ల పద్ధతి పోయి శ్లాబుల పద్ధతి వచ్చినది. అనగా తాతల కాలమున ఈ భయము న్యాయమైనదే. చట్టము మారి ఎనుబది యేండ్లు దాటినను మాట మాత్రము మారలేదు.

ఇక నిజముగా భయపడవలసిన చోటు ఏది? నూతన విధానమున 12 లక్షలవరకు ఆదాయముగలవారికి 60,000 వరకు రిబేటు లభించుటచేత పన్ను శూన్యమగును. వేతనజీవులకు ఈ గీత 12,75,000 జీతమువద్ద పడును. ఈ సంగతి పత్రికలద్వారా ఇంటింట తెలిసినది. గీత దాటిన వెంటనే ఏమగునో అంతగా తెలియలేదు. గీతకు ఆవల రిబేటు లేదు. అందుచేత ఒక్క రూపాయి దాటినందుకు 60,000 పన్ను పడవలెను. ఈ అన్యాయమును తప్పించుటకు చట్టము మార్జినల్ రిలీఫ్ అను ఉపశమనమును కల్పించినది: పన్ను, గీత దాటిన మొత్తమును మించరాదు. వినుటకు ఇది దయగానే యున్నది. కాని లెక్క వేసి చూడుడు. దాటిన ప్రతి రూపాయికిని పన్ను ఒక రూపాయి. దానిపై సెస్సు నాలుగు పైసలు. ఉపాంత రేటు 104 శాతము! పట్టికలో ఆ శ్లాబు రేటు 15 అనియే యుండును.

ఈ స్థితి ఎంతవరకు సాగును? ఉపశమనము లేకుండ లెక్కకట్టిన పన్ను, దాటిన మొత్తముతో సమానమగువరకు. 60,000కు, దాటినదానిలో 15 శాతము చేర్చినచో, దాటిన మొత్తము కావలెను. ఆ మొత్తము 70,588 రూపాయలు. 12,00,000 నుండి 12,70,588 వరకు, అనగా జీతము లెక్కన 12,75,000 నుండి 13,45,588 వరకు, సంపాదించిన ప్రతి రూపాయియు నష్టమే. ఆపైన రేటు 15.6కు దిగివచ్చును, అయినను పోయిన సెస్సు పూడుటకు ఇంకను కొంత దూరము నడువవలెను. 12,75,000 జీతముతో పన్ను లేకుండ నున్న మనిషి, పన్ను పోగా మరల అంతే సొమ్ము చేతబట్టవలెనన్న అతని జీతము సుమారు 13,48,934కు చేరవలెను. దాదాపు 74,000 రూపాయల పెంపుదల ఆ సంవత్సరమునకు వట్టి కాగితపు పెంపుదల.

అట్లని పెంపుదలను నిరాకరింపవలెనా? కూడదు. మూలవేతనము పెరిగినచో ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ పెరుగును. తరువాతి పెంపుదలలకు పునాది ఎత్తగును. ఒక సంవత్సరపు గీతకు భయపడి జీవితకాలపు జీతమును తగ్గించుకొనుట తెలివి కాదు. కాని ఆ సన్నని పట్టీలో నున్నవారు తమ చేతిలోనున్న ఇతరాదాయమును సవరించుకొనుట మాత్రము తెలివియే.

ఈ చిక్కులో పడువారు ఎక్కువగా వడ్డీ ఆదాయముగల మధ్యతరగతివారు. సరిగా 12,75,000 జీతముగల ఉద్యోగికి బ్యాంకు ఫిక్సెడు డిపాజిట్టుమీద 40,000 వడ్డీ వచ్చినదనుకొందము. యజమాని జీతములో పన్ను కోయడు, రిబేటు కలదు గనుక. బ్యాంకును కోయదు, 2025 ఏప్రిల్ నుండి 50,000 దాటిన వడ్డీకే కోత గనుక. ఇరువురును కోయకపోవుటచే ఆయన నిశ్చింతగా నుండును. రిటర్ను దాఖలు చేయునాడు లెక్క 41,600 చూపును. వచ్చిన వడ్డీ 40,000. కట్టవలసిన పన్ను 41,600. ఆ డిపాజిట్టును ఇనుప పెట్టెలో దాచుకొనియుండిన 1,600 మిగిలెడివి. చెల్లింపవలసినది 10,000 దాటినది గనుక, ముందస్తు పన్ను కట్టనందుకు వడ్డీ అదనము. అట్టివారు ఆ వడ్డీని దాచి తప్పించుకొందమనుకొనుటయు వ్యర్థము. బ్యాంకు ఆ లెక్కను శాఖకు ముందే పంపియుండును. దేశమంతటి రిటర్నులను 2009 నుండి పరిశీలించుచున్న ఆదాయపు పన్ను కేంద్రము ఉన్నది ఈ బెంగుళూరునందే. శ్రీకాకుళపు ఉపాధ్యాయుని రిటర్నును, ఆదిలాబాదు వైద్యుని రిటర్నును ఇక్కడి యంత్రములే సరిచూచును.

మరి మార్గమేమి? నూతన విధానము పాత మినహాయింపులను చాలవరకు తీసివేసినను కొన్నింటిని ఉంచినది. యజమాని జాతీయ పింఛను పథకమునకు చెల్లించు మొత్తము, మూలవేతనము కరవుభత్యముల మొత్తములో 14 శాతమువరకు, ఆదాయమునుండి తీసివేయబడును. ఈ ఉద్యోగి మూలవేతనము 6,37,500 అయినచో ఆ పరిమితి 89,250. 104 శాతపు పట్టీని అంతయు దాటించుటకు చాలును. జీతములోని 40,000ను ఈ రూపమున మార్పించుకొన్నచో 41,600 పన్ను తప్పును. ఆ సొమ్ము వార్ధక్యమువరకు చేతికి రాదన్నమాట నిజమే. కాని మరొక ప్రక్క అది ఎట్లును చేతికి రాని సొమ్మే. దీనికి యజమాని సమ్మతి కావలెను, సంవత్సరారంభమునందే అడుగవలెను. రెండవది, పబ్లిక్ ప్రావిడెంటు ఫండు వడ్డీకి నూతన విధానమునను పన్ను లేదు. బ్యాంకు వడ్డీ రేటు పైకి కొంచెము ఎక్కువగా కనుపించినను, ఈ పట్టీలో నున్నవానికి ఏది లాభమో వేరుగ చెప్పనక్కరలేదు.

నూటికి నాలుగు మించిన రేటు నేడు ఒక ఇరుకు సందులో మాత్రమే యున్నది. ఒకప్పుడు రాజమార్గముననే దానికి దరిదాపు రేటుండెడిది. 1973-74లో అత్యధిక ఆదాయములపై పన్ను 85 శాతము, దానిపై 15 శాతము సర్‌చార్జి, వెరసి 97.75. రూపాయిలో మిగులునది రెండుంబావు పైసలు. విశ్రాంత ప్రధాన న్యాయమూర్తి వాంఛూ అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1971లోనే, ఇంతటి రేటు ఎగవేతకు కారణమని చెప్పి, 75 శాతమునకు తగ్గింపుమని సూచించినది. 1974-75లో అది 77 అయినది, తరువాత 66, 1985-86లో 50, 1992-93లో 40, 1997-98లో 30. ఈ తగ్గింపులు వాదించినవారందరును చూచినది ఉపాంత రేటునే. సగటు రేటును కాదు. ఇంకొక గంట పనిచేయవలెనా, ఆదాయమును చూపవలెనా దాచవలెనా అని మనిషి నిర్ణయించుకొనునది ఆ చివరి రూపాయివద్దనే గదా.

ఇప్పుడు పాత విధానము సంగతి. ఫిబ్రవరి మాసమున బెంగుళూరు కార్యాలయములలో బీమా ఏజెంట్ల రాక హెచ్చును. "80-సి క్రింద లక్షన్నర కట్టుడు, 46,800 మిగులును" అని వారి మాట. లక్షన్నరకు 31.2 శాతము 46,800 అగుట నిజమే. గుణకారమున దోషము లేదు. దోషము వేరొకచోట కలదు. పైన చెప్పిన 15 లక్షల ఉద్యోగినినే తీసికొందము. ఆమె మూలవేతనము 7,50,000, ఇంటి అద్దె భత్యము 3,00,000, అద్దె నెలకు 28,000. పాత విధానమున అద్దె మినహాయింపు మూడు మొత్తములలో తక్కువది: వచ్చిన భత్యము, మూలవేతనములో 40 శాతము, కట్టిన అద్దెనుండి మూలవేతనములో పదవ వంతు తీసివేయగా మిగిలినది. ఇంత మహానగరమైనను 2025-26 లెక్కకు బెంగుళూరు 50 శాతపు జాబితాలో లేదు. ఆ గౌరవము బొంబాయి, కలకత్తా, ఢిల్లీ, మదరాసులదే. ఆమెకు మాత్రము ఈ భేదము తగులదు. మూడవదియే తక్కువ, 2,61,000.

దానికి స్టాండర్డ్ డిడక్షను 50,000, కర్ణాటక వృత్తిపన్ను 2,500, ఆరోగ్య బీమా 25,000, 80-సి లక్షన్నర చేర్చినచో మినహాయింపులు 4,88,500. పన్ను పడు ఆదాయము 10,11,500. పన్ను సెస్సుతో 1,20,588. నూతన విధానమున ఆమె పన్ను 97,500 మాత్రమే. లక్షన్నర కట్టినను పాత విధానము నష్టమే. ఆమె నూతన విధానమునే ఎన్నుకొనును. అచ్చట 80-సి లేదు. కావున ఆమె కట్టిన లక్షన్నరకు కలిగిన పన్ను లాభము సున్న. ఏజెంటు చెప్పిన 31.2 శాతము, ఆమె ఎన్నడును నడువని దారిమీది రేటు.

సొంత ఊరిలో తల్లిదండ్రులున్న ఇంటిపై ఆమెకు గృహఋణముండి, దాని వడ్డీ 2,00,000 అయినచో కథ మారును. పాత విధానపు పన్ను 77,792కు దిగును. నూతన విధానముకంటె 19,708 తక్కువ. అప్పుడైనను లక్షన్నర పొదుపు విలువ 46,800 కాదు, ఆదాయము 10 లక్షలకు దిగువకు వచ్చినది గనుక 20.8 శాతము చొప్పున 31,200 కూడ కాదు. ఆ పొదుపు లేనిచో ఆమె 97,500 కట్టి నూతన విధానమున నుండును, ఉన్నచో 77,792. నిజమైన లాభము 19,708, అనగా లక్షన్నరలో 13 శాతము. ఆ పాలసీ ఇరువది యేండ్లు కట్టవలసినదైనచో, ఈ ఒక్క సంఖ్య తెలిసికొనక సంతకము చేయుట దుడుకుతనము. ఆమె స్థితిలో పాత విధానము గెలువవలెనన్న మినహాయింపులన్నియు కలిసి 5,93,750 దాటవలెను. ఈ సంఖ్యను ఎవరి జీతమునకు వారు కట్టుకొని దగ్గరనుంచుకొన్నచో ఫిబ్రవరిలో మాటలు తక్కువగును. వ్యాపారాదాయము లేని వేతనజీవి ప్రతి సంవత్సరము విధానమును మార్చుకొనవచ్చును గనుక లెక్కయు ఏటేట వేయవలసినదే.

పాత విధానములో మరియొక గోతిని మరువరాదు. అచ్చట 5 లక్షల ఆదాయమువరకు రిబేటు కలదు, గీత దాటిన ఉపశమనము లేదు. ఆదాయము పదుల లెక్కకు సవరింపబడును గనుక గీత దాటుటకు పది రూపాయలు చాలును: 5,00,000కు పన్ను సున్న, 5,00,010కి 13,002.

రాయలసీమనుండి బెంగుళూరు చేరిన కుటుంబములకు సొంత ఊరిలో పొలముండుట సర్వసాధారణము. "సేద్యపు రాబడికి పన్ను లేదు" అను మాటను వారందరు ఎరుగుదురు. మాట నిజమే. అయినను 1973 నాటి ఆర్థిక చట్టమునుండి ఆ రాబడి రేటు నిర్ణయమునకు లెక్కలోనికి వచ్చుచున్నది, 1972లో కె. ఎన్. రాజ్ సంఘము చేసిన సూచన దీనికి మూలము. నికర సేద్యాదాయము 5,000 దాటి, ఇతరాదాయము పన్నులేని పరిమితిని మించినప్పుడు రెండింటిని కలిపి ఒక పన్ను లెక్కకట్టుదురు. పన్నులేని పరిమితిని సేద్యాదాయమునకు కలిపి మరొక పన్ను లెక్కకట్టుదురు. మొదటిదానినుండి రెండవదానిని తీసివేయుదురు. మన ఉద్యోగినికి మదనపల్లె చెంత టమాటా పొలముపై నికరముగా 2 లక్షలు వచ్చినదనుకొందము. 16,25,000పై పన్ను 1,25,000. 6,00,000పై పన్ను 10,000. భేదము 1,15,000, సెస్సుతో 1,19,600. పొలము లేనప్పుడు 97,500. పన్నులేని టమాటాలు ఆమె జీతముపై పన్నును 22,100 పెంచినవి. అంతేకాదు, ఆమె జీతపు తరువాతి రూపాయిపై రేటు 15.6 నుండి 20.8కి ఎగబ్రాకినది. పట్టికను మాత్రము చూచువారికి ఇది ఎన్నటికిని తెలియరాదు. రెండుసార్లు లెక్కకట్టువారికే తెలియును.

50 లక్షల పైబడినవారికి సర్‌చార్జి గీతవద్దను ఇట్టి 104 శాతపు పట్టీయే కలదు, సుమారు 51,61,000 వరకు. అంతటి ఆదాయముగలవారికి లెక్కలు చూచువారు వేరుగా నుందురు గనుక ఇచ్చట విస్తరింప పనిలేదు.

కుటుంబములో ఒకరి ఉపాంత రేటు ఎక్కువ, మరియొకరిది శూన్యము అయినప్పుడు డిపాజిట్టును ఎవరి పేర నుంచవలెనన్న ప్రశ్న సహజముగా పుట్టును. భార్యకు గాని, భర్తకు గాని, కోడలికి గాని ఇచ్చిన సొమ్ముపై వచ్చు ఆదాయమును చట్టము ఇచ్చినవారి ఆదాయమునందే కలుపును. మైనరు బిడ్డల పేర నుంచినను సామాన్యముగా అంతే. తల్లిదండ్రులకు ఇచ్చిన సొమ్మునకు ఈ నియమము లేదు. దగ్గరి బంధువునుండి వచ్చిన బహుమానముపై పుచ్చుకొన్నవారికిని పన్ను లేదు. పైన చెప్పిన 40,000 వడ్డీ ఆదాయము లేని తల్లి పేర వచ్చినచో 41,600 పన్ను పూర్తిగా తప్పును. అయితే బహుమానము నిజమైన బహుమానము కావలెను. బ్యాంకు ఖాతాద్వారా మారి, వడ్డీ ఆమె ఖాతాకే చేరవలెను. ఆ డిపాజిట్టు అప్పటినుండి ఆమె సొత్తు. హిందూ వారసత్వ చట్టము క్రింద, వీలునామా లేనిచో, ఆమె తదనంతరము అది ఆమె భర్తకును, కుమారులకును, కుమార్తెలకును సమానముగా సంక్రమించును. నామినీగా ఒకరి పేరు వ్రాసియుండుట ఆ హక్కులను మార్పజాలదు. పన్ను మిగిలినదని సంతసించు కుమారుడు ఈ సంగతిని భార్యతోను, తోబుట్టువులతోను ముందుగనే చెప్పుకొనుట యుక్తము.